తీర్మానాల పుస్తకం చదవడం నేర్పిన మూడు రోజులు: శ్రీకాకుళంలో పంచాయతీ మహిళా సభ్యుల శిక్షణపై సమీక్ష

శ్రీకాకుళం పట్టణంలో ఒక స్వచ్ఛంద సంస్థ పంచాయతీల మహిళా సర్పంచులకు, వార్డు సభ్యులకు నిర్వహించిన మూడు రోజుల శిక్షణకు నేను 2024 నవంబరులో వెళ్ళివచ్చాను. భోజనం, వసతితో కలిపి మనిషికి 300 రూపాయలు తీసుకున్నారు. చుట్టుపక్కల మండలాల నుంచి చాలామంది సభ్యులు ఆ శిక్షణకు వెళ్ళవచ్చా అని ఇప్పటికీ అడుగుతున్నారు కనుక, అక్కడ నేర్చుకున్నదాన్ని ఆరు నెలలపాటు మా పంచాయతీలో వాడి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. శిక్షణ ముగిసిన సాయంత్రం ఎవరిని అడిగినా బాగుందనే చెబుతారు. ఫొటో దిగి, సర్టిఫికెట్ అందుకుని సంతోషంగానే బయలుదేరతారు. ఊరికి వచ్చి తీర్మానాల పుస్తకం ముందు కూర్చున్నప్పుడు ఆ శిక్షణ ఎంతవరకు గుర్తుకు వచ్చిందన్నదే నా దృష్టిలో అసలు కొలత. లోపాలు కూడా రాస్తున్నాను కనుకనూ, అవి ఈ ఒక్క సంస్థలోనే ఉన్నవి కావు కనుకనూ సంస్థ పేరు చెప్పడం లేదు.

నేను లావేరు మండలంలోని ఒక చిన్న పంచాయతీలో వార్డు సభ్యురాలిని. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా జరిగిన ఎన్నికల్లో మా వార్డు మహిళలకు రిజర్వు అయింది. నా భర్త అప్పటికే హైదరాబాద్‌లో భవన నిర్మాణ పనుల్లో ఉండగా, మా బావగారు నామినేషన్ కాగితాలు తెచ్చి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలుపెట్టి చూపించారు. గెలిచిన తరువాత కూడా మూడున్నరేళ్ళకు పైగా అదే పద్ధతి నడిచింది: పుస్తకం ఇంటికి వచ్చేది, ఎవరో ఒకరు చోటు చూపించేవారు, నేను సంతకం చేసేదాన్ని. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టినప్పుడు నేను కూడా వేదిక మీద కుర్చీలో కూర్చున్నాను. ఉపాధి హామీ పనుల జాబితా చదివి చేతులెత్తమన్నారు, ఎత్తాను. మా వీధి కాలువ పని ఆ జాబితాలో ఉందా అని ఇంటికి వచ్చాక మా అత్తగారు అడిగినప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. శిక్షణ గురించి మా గ్రామ సంఘం యానిమేటర్ (పొదుపు సంఘాల పుస్తకాలు చూసే కార్యకర్త) చెప్పగానే పేరు రాయించుకోవడానికి కారణం అదే.

మొదటి రోజు ఉదయం అంతా చట్టం చెప్పారు. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమలులోకి వచ్చిందని, దాని ప్రకారం మూడింట ఒక వంతుకు తక్కువ కాకుండా స్థానాలు మహిళలకు కేటాయించాలని, మన రాష్ట్రం 1994లో పంచాయతీరాజ్ చట్టం చేసుకుని ఆ తరువాత ఆ వాటాను సగానికి పెంచిందని, రాజ్యాంగంలోని పదకొండో షెడ్యూలు తాగునీటి నుంచి మహిళా శిశు సంక్షేమం వరకు 29 అంశాలను పంచాయతీలకు అప్పగించదగినవిగా పేర్కొన్నదని వివరించారు. ఇవన్నీ తెలుసుకోవలసినవే, చెప్పినవారు శ్రద్ధగానే చెప్పారు. అయితే ఎదురుగా కూర్చున్న నలభై మంది ఆడవారిని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా రెండున్నర గంటలు చెప్పుకుంటూ పోయారు. పొందూరు వైపు నుంచి వచ్చిన, నూలు వడికే ఒక పెద్దావిడ నా పక్కనే కూర్చుని, "ఇదంతా బాగానే ఉందమ్మా, మా ఊరి బోరు మాటేటి?" అని మెల్లగా అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు మరునాడు గాని దొరకలేదు.

రెండో రోజు ఉదయం వచ్చిన శిక్షకురాలు విజయనగరం జిల్లావైపు ఒక ఊరికి గతంలో సర్పంచ్‌గా పనిచేసినావిడ. మేమందరం ఆమెను అప్పా (అక్కా) అనే పిలిచాం. ఆమె ముందుగా మా పొదుపు సంఘాల మినిట్స్ పుస్తకం గురించి అడిగారు. సంఘం సమావేశంలో హాజరు ఎవరు వేస్తారు, అప్పు ఎవరికి ఇవ్వాలో ఎలా తేలుస్తారు, రాసినదాన్ని చదివి వినిపించకుండా ఎవరైనా సంతకం చేస్తారా అని ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగారు. మా రెండు జిల్లాల ఆడవారికి ఈ పని కొత్తది కాదు. 2000లో పొదుపు సంఘాల ద్వారా పేదరికం తగ్గించడానికి తెచ్చిన వెలుగు పథకాన్ని మొదటగా ప్రారంభించిన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. అప్పటి నుంచి ఇరవై ఏళ్ళకు పైగా సంఘం లెక్కలు చూస్తున్నవారు ఆ గదిలో సగానికి పైగా ఉన్నారు. సంఘం పుస్తకంలో పది రూపాయల తేడా వస్తే రాత్రి తొమ్మిదింటి వరకు కూర్చుని సరిచేస్తామని అందరం గట్టిగా చెప్పాం. అప్పుడామె, "మరి పంచాయతీ పుస్తకం చదవకుండా సంతకం ఎందుకు పెడుతున్నారమ్మా? ఆ డబ్బు ఎవరిదనుకుంటున్నారు?" అని అడిగారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. సంఘం డబ్బు మనదని, పంచాయతీ డబ్బు ఎవరిదో అని మేమనుకున్నాం. మాకున్న తేడా అంతా అదొక్కటే. ఈ శిక్షణకు ఇచ్చిన 300 రూపాయలూ నాకు ఆ ఒక్క ప్రశ్నతోనే చెల్లాయి.

ఆ తరువాత ఆమె మనిషికొక జిరాక్స్ కాగితం పంచారు. ఊరి పేరు, మనుషుల పేర్లు కనబడకుండా నల్లరంగు పూసిన తీర్మానాల పుస్తకంలోని ఒక పేజీ అది. పైన తేదీ, హాజరైనవారి సంఖ్య, రెండు తీర్మానాలు ఉన్నాయి. అట్టడుగున తొమ్మిది సంతకాలు, ఒక వేలిముద్ర ఉన్నాయి. రెండో తీర్మానానికి, మొదటి సంతకానికి మధ్య నాలుగు వేళ్ళ వెడల్పు ఖాళీ ఉంది. ఆ ఖాళీ మీద వేలు పెట్టి చూడమన్నారు. చాలామందికి మొదట ఏమీ తోచలేదు. మన సంతకం పడిన తరువాత ఆ ఖాళీలో మూడో తీర్మానం రాస్తే దానికి కూడా మనమే బాధ్యులమని ఆమె చెప్పినప్పుడు, నా పక్కన కూర్చున్న రణస్థలం వైపు సర్పంచ్ ఒకావిడ ఆ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకుంది. ఏం చేయాలో వరుసగా చేయించారు: చదవడం రాకపోతే గట్టిగా చదివించుకోవాలి, ఎన్ని తీర్మానాలు జరిగాయో చివర అక్షరాలలో రాయించాలి, మిగిలిన ఖాళీ మీద ఏటవాలుగా గీత గీయించాలి, సంతకం పక్కన ఆనాటి తేదీ వేయాలి, ఒప్పుకోని విషయం ఉంటే ఒప్పుకోలేదని అక్కడే రాయమని అడగాలి. గంటన్నరసేపు మా చేతులతో మేమే ఆ పని చేశాం. వేలిముద్ర వేసే ఇద్దరు సభ్యులకు విడిగా, తమ పేరు, తేదీ గుర్తుపట్టడం వరకు ఓపికగా నేర్పించారు. ఇంతకు ముందు మా మండలంలో జరిగిన ఒకటి రెండు అవగాహన సమావేశాలకు వెళ్ళాను గాని, తీర్మానాల పుస్తకాన్ని మా ముందు తెరిచిపెట్టిన వారిని ఇక్కడే చూశాను.

డబ్బు సంగతి కూడా ఆమే చెప్పారు. పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు గ్రామపంచాయతీలకు సిఫారసు చేసిన నిధుల్లో 60 శాతం కట్టుబడి నిధులు, అంటే చెప్పిన పనులకే వాడవలసినవి; అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి వాడాలి. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి పంచాయతీ నిర్ణయించుకోవచ్చు. ఏ పనికి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. పొందూరు పెద్దావిడ అడిగిన బోరు ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికింది: నీటి పనికి డబ్బు లేదని ఎవరైనా అంటే, ఆ సంవత్సరం తాగునీటి వాటా కింద ఎంత వచ్చిందో, దేనికి ఖర్చు పెట్టారో చెప్పమని అడిగే వీలు సభ్యురాలికి ఉంది. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల మీద ఇద్దరు ఆర్థికవేత్తలు చేసి 2004లో ప్రచురించిన అధ్యయనం, మహిళలు నాయకత్వం వహించిన చోట తాగునీటి వంటి అవసరాల మీద ఖర్చు పెరిగిందని చూపించింది. నీళ్ళ బిందె మోసేవారి చేతికి పుస్తకం వస్తే అలా జరగడంలో వింత లేదు.

మూడో రోజు నమూనా గ్రామసభ జరిపించారు. నన్ను కార్యదర్శిగా కూర్చోబెట్టారు. "మా వీధికి నీళ్ళు రావట్లేదు" అని ఒకరు లేచి చెప్పగానే, అది ఫిర్యాదు, తీర్మానం కాదు అని అప్ప ఆపేవారు. ఏ వీధి, ఎన్ని ఇళ్ళు, కుళాయి చెడిందా లేక పైపు పగిలిందా, ఏ నిధి నుంచి ఖర్చు పెట్టాలి, ఎన్ని రోజుల్లో పూర్తి చేయాలి, ఎవరు చూసుకోవాలి అన్నవన్నీ ఒకే వాక్యంలో వచ్చేవరకు మళ్ళీ మళ్ళీ చెప్పించారు. నోరు విప్పడానికే భయపడిన ఒక సభ్యురాలు ఆరోసారికి ఆ వాక్యం మొత్తం తడబడకుండా చెప్పింది. మేమందరం చప్పట్లు కొట్టాం. ఆమె ఏడ్చింది.

ఇక లోపాలు. వీటిని నేను తేలిగ్గా చెప్పదలచుకోలేదు, ఎందుకంటే వీటివల్ల రావలసినవారు రాలేకపోయారు, వచ్చినవారు మధ్యలోనే వెళ్ళిపోయారు. వసతి ఉందని చెప్పినా చిన్నపిల్లల తల్లులకు ఏ ఏర్పాటూ లేదు. ఏడాది బిడ్డతో వచ్చిన ఒక సర్పంచ్, బిడ్డ ఏడ్చినప్పుడల్లా వరండాలోకి వెళ్ళవలసి రావడంతో తీర్మానాల పుస్తకం పాఠంలో సగం వినలేకపోయింది. రాత్రి ఉండడానికి ఇంట్లో ఒప్పుకోని వారు రోజూ వచ్చి వెళ్ళేవారు. తరగతులు సాయంత్రం ఆరింటివరకు సాగడంతో వాళ్ళు ఆర్టీసీ కాంప్లెక్స్‌కు చేరి, ఊరి బస్సు అందుకోలేక ఆటోల కోసం నిలబడవలసి వచ్చింది. చీకటి పడ్డాక జంక్షన్‌లో దిగి పొలాల గట్టున ఇంటికి నడిచే ఆడదానికి ఆ గంట తేడా ఎంతటిదో, వేళలు పెట్టేవారు ఒకసారి ఆలోచించి ఉండవలసింది. ఇద్దరు రెండో రోజు నుంచి రావడం మానేశారు.

భర్తలను, బావగార్లను వెనక వరుసలో కూర్చోనివ్వడం మరో పెద్ద పొరపాటు. వారు వింటే మంచిదేనని నిర్వాహకులు అన్నారు. వారు విన్నారు, వినడమే కాక ముందు వరుసలో ఉన్న భార్యలకు జవాబులు అందించారు. మహిళా ప్రజాప్రతినిధుల స్థానంలో భర్తలు పనిచేయడం గురించి సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం తరువాత, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో దీనిపై ఒక సలహా సంఘాన్ని వేసింది. ఆ సంఘం 2025లో నివేదిక ఇచ్చింది. ఢిల్లీ వరకు వెళ్ళిన సమస్యను శిక్షణ గదిలోనే తలుపు తీసి కూర్చోబెట్టడం నాకు బాధ కలిగించింది. మగవారికి చెప్పవలసినది ఉంటే వారిని విడిగా ఒక పూట పిలవవచ్చు.

ఆన్‌లైన్ పనులకు అరగంట మాత్రమే ఇచ్చారు. ఒకే కంప్యూటర్, గోడ మీద తెర; ఎవరి చేతికీ కీబోర్డు అందలేదు. నేటి పంచాయతీలో చెల్లింపులు డిజిటల్ సంతకంతో జరుగుతాయి. ఆ సంతకానికి కంప్యూటర్‌కు తగిలించే చిన్న పరికరం, అంటే డిజిటల్ కీ, సర్పంచ్ దగ్గరే ఉండాలి, పిన్ నంబరు మరొకరికి చెప్పకూడదు అన్న రెండు మాటలు మాత్రం చెప్పి ముగించారు. అక్కడున్న సర్పంచుల్లో ముగ్గురు ఆ కీని తాము ఎప్పుడూ చేతితో పట్టుకోలేదని అప్పుడే చెప్పారు. పుస్తకం మీద సంతకానికి గంటన్నర ఇచ్చినవారు, లక్షల రూపాయలు కదిలించే ఈ సంతకానికి కనీసం ఒక పూట ఇవ్వవలసింది.

అన్నింటికంటే నాకు లోటుగా అనిపించినది కులం గురించి ఒక్క మాట కూడా లేకపోవడం. మధ్యాహ్నం భోజనం దగ్గర ఒక దళిత సభ్యురాలు, తమ పంచాయతీ సమావేశంలో తనకు కుర్చీ వేయడానికి రెండేళ్ళు పట్టిందని నాతో చెప్పింది. గదిలో ఆ మాట ఎందుకు చెప్పలేదని అడిగితే, చెప్పమని ఎవరూ అడగలేదని అంది. ఆడవారందరి ఇబ్బంది ఒకటే అన్నట్టు సాగిన శిక్షణలో ఆమె ఇబ్బందికి చోటు దొరకలేదు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి డబ్బు కూడా అవసరం లేదు, ఒక గంట సమయం చాలు.

ఇచ్చిన పుస్తకం పెద్ద అక్షరాలతో, వాడుక తెలుగులో ఉంటే బాగుండేది. అయితే అందులో సమాచార హక్కు చట్టం గురించిన పేజీ మాత్రం నాకు బాగా పనికి వచ్చింది: మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయాలకు దరఖాస్తు రుసుము లేదని, మండల స్థాయిలో 5 రూపాయలని, ఆపై 10 రూపాయలని, 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలని అక్కడే చదివాను. భోజనం శుభ్రంగా ఉంది. ఉదయం చోడి (రాగి) అంబలి పెట్టడం అందరికీ నచ్చింది.

ఊరికి వచ్చిన పది రోజులకు పుస్తకం మళ్ళీ మా ఇంటికి వచ్చింది. తెచ్చినతను గుమ్మంలో నిలబడే, "సంతకం ఎట్టీండమ్మా, బేగి ఎల్లాలి" అన్నాడు. కూర్చోమని, మంచినీళ్ళు ఇచ్చి, నేను చదవడం మొదలుపెట్టాను. నాలుగు తీర్మానాలున్నాయి. మూడోది మా వార్డులో పైపు మరమ్మతు. అయితే నీళ్ళు కారుతున్నది పుస్తకంలో రాసిన వీధిలో కాదు, దానికి వెనకనున్న దిగువ వీధిలో. ఎవరో కావాలని రాశారని నేననుకోవడం లేదు, అడిగి రాయలేదంతే. వీధి పేరు సరిచేయించి, చివర గీత గీయించి, తేదీతో సంతకం పెట్టాను. ఆ సాయంత్రం మా బావగారు వచ్చి, "ఏటమ్మా, నామీద నమ్మకం లేదా?" అని అడిగారు. "మీమీద నమ్మకం లేక కాదు బావగారూ, సంతకం నాది కదా, చదివి పెడితే రేపు అడిగినవారికి జవాబు చెప్పగలను" అన్నాను. ఆయన కొన్ని రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మా అత్తగారు మాత్రం, పుస్తకం వచ్చినప్పుడల్లా పక్కన కూర్చుని తనకు కూడా చదివి వినిపించమంటున్నారు.

సంక్రాంతికి ముందు జరిగిన గ్రామసభలో, వలసవెళ్ళిన మగవారు కూడా చాలామంది ఊళ్ళో ఉండగా, నేను మొదటిసారి లేచి మాట్లాడాను. నేర్పినట్టే వీధి పేరు, ఇళ్ళ సంఖ్య, నిధి పేరు, గడువు ఒకే వాక్యంలో చెప్పి, దానిని తీర్మానంగా రాయమని అడిగాను. రాశారు. మార్చిలో దిగువ వీధి పైపు బాగైంది. మా అత్తగారు అడిగిన కాలువ పని మాత్రం ఇంకా మొదలు కాలేదు. ఎందుకు కాలేదో తెలుసుకోవడానికి దరఖాస్తు పెట్టాను. శిక్షణ తరువాత మూడు నెలలపాటు ఫోన్ చేసి సందేహాలు తీరుస్తామని సంస్థవారు చెప్పారు గాని, ఒక్కసారే చేశారు. దరఖాస్తు రాసుకోవడంలో నాకు సాయం చేసింది రణస్థలం సర్పంచ్. ఆ మూడు రోజుల్లో కలిసిన పదకొండు మందిమి ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం, పుస్తకంలో అనుమానం వచ్చిన చోట ఒకరినొకరం అడుగుతున్నాం.

కొత్తగా ఎన్నికైనవారైనా, నాలాగా ఏళ్ళ తరబడి సంతకం మాత్రమే చేసినవారైనా ఈ శిక్షణకు వెళ్ళమనే నేను చెబుతాను. రెండో రోజు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మానకండి. సర్పంచులు డిజిటల్ కీ గురించి విడిగా సమయం ఇవ్వమని ముందే అడగండి. భర్తగారు తోడు వస్తామంటే బస్సు ఎక్కించి వెనక్కి వెళ్ళమని మర్యాదగా చెప్పండి. పొదుపు సంఘంలో లెక్కలు రాసే అలవాటున్నవారికి ఇది ఎక్కువ ఉపయోగపడుతుంది. ఆ అలవాటు లేనివారు వెళ్ళేముందు తమ సంఘం యానిమేటర్ దగ్గర ఒక సమావేశం మినిట్స్ చదివించుకుని వెళితే రెండో రోజు పాఠం బాగా పట్టుబడుతుంది.

వచ్చే నెల జరిగే శిక్షణకు మా ఊరి నుంచి ఇద్దరు వెళుతున్నారు. ఒకామెకు పాలు తాగే బిడ్డ ఉంది. బిడ్డను చూసుకోవడానికి ఒక గది, ఒక మనిషి ఉంటేనే వస్తామని, తరగతులు నాలుగున్నరకు ముగించాలని మేం ముందే ఉత్తరం రాశాం. గది ఇస్తామని జవాబు వచ్చింది. వేళ గురించి వారు ఇంకా ఏమీ రాయలేదు. ఆ ఖాళీ ఉన్న జిరాక్స్ కాగితం నా దగ్గరున్నదాన్ని రెండు ప్రతులు తీయించి వారిద్దరికీ ఇచ్చాను.